ముప్ఫై ఎనిమిది ట్రాకులు, రెండు చెవులు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం రికార్డింగు విని రాశాను. తడబాట్లు కొన్ని సరిచేశాను, అన్నీ కాదు.)



ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన ఇంజనీరు అని వేశారు. నిన్న సాయంత్రం బస్సు దిగగానే ఒక పెద్దాయన నన్ను పట్టుకుని, "బాబూ, మా శ్లాబు కారుతోంది, ఒకసారి వచ్చి చూద్దురూ" అన్నారు. నేను ఆ ఇంజనీర్ని కానండి. సౌండ్ ఇంజనీర్ని. పాడేవాళ్ళు పాడినదీ, వాయించేవాళ్ళు వాయించినదీ విడివిడిగా రికార్డయి నా దగ్గరికి వస్తుంది. వాటన్నిటినీ కలిపి మీరు ఫోన్లో వినే ఒక్క పాటగా తయారుచేయడం నా పని. దాన్ని మిక్సింగ్ అంటారు. ఆయన శ్లాబు కూడా చూశాను లెండి. కారుతోంది. అంతకు మించి నాకేం తెలియలేదు.

ఈ పిచ్చి నాకు ఈ వరండాలోనే అంటుకుంది. అప్పట్లో మన బడికి ఒక అహూజా యాంప్లిఫయరు, వేపచెట్టుకు కట్టే ఒక హారను, ఒక మైకు ఉండేవి. డ్రిల్లు మాస్టారి బీరువాలో తాళం వేసి ఉండేవి. ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవయ్యారుకీ వాటిని బయటికి తీసి తీగలు కలిపే పని ఎనిమిదో తరగతి నుంచి నాది. హెడ్మాస్టరు గారు మైకు ముందుకు రాగానే అది కూయ్‌మని అరిచేది. ఆయన ప్రసంగం ఆపి నా వంక చూసేవారు. యాంప్లిఫయరు మీద వాల్యూము కాక 'టోన్' అని ఇంకో మర ఉండేది. దాన్ని వెనక్కి తిప్పితే కూత ఆగేది, కాని మాట దుప్పట్లోంచి వచ్చినట్టు అయ్యేది. ఎక్కడ కూత ఆగుతుంది, ఎక్కడ మాట చెడుతుంది, ఆ రెండింటి మధ్య వేలు పెట్టుకుని జెండావందనం అయ్యేదాకా నిలబడేవాణ్ణి. ఇప్పుడు చేసేదీ అదే. మరలు ఎక్కువయ్యాయి, అంతే.

కమిటీ వాళ్ళు, "మీ పని గురించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. మొత్తం పని చెప్పాలంటే భోజనాల వేళ దాటిపోతుంది. ఒక్క పాట గురించి చెబుతాను. అందులో నేను పడ్డ గొయ్యి కూడా ఉంది.

పోయిన ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి హైదరాబాదు వచ్చిన ఒక అమ్మాయి నాకు ఒక పాట పంపింది. సినిమా పాట కాదు. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, తన గదిలోనే పాడుకున్న పాప్ పాట. మూడు నిమిషాల నలభై సెకన్లు. పగలు ఉద్యోగం చేసి, దాచుకున్న డబ్బుతో పాట చేయించుకుంటోంది. మొత్తం 38 ట్రాకులు వచ్చాయి. డ్రమ్స్ ఎనిమిది, బేసు గిటారు ఒకటి, మామూలు గిటార్లు నాలుగు, కీబోర్డు రకాలు తొమ్మిది, చప్పట్లు, చిటికెలు, తర్వాత ఆమె గొంతు. గొంతే పన్నెండు ట్రాకులు. అసలు పాట ఒకటి, దానికి తోడుగా అదే వరస మళ్ళీ పాడినవి రెండు, మిగతావి పైస్థాయిలోనూ కింది స్థాయిలోనూ పాడిన కలగలుపు గొంతులు.

ఈ 38 ట్రాకులనూ ఉన్నవున్నట్టుగా ఒకేసారి పెడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మాస్టారు లేని తరగతి గది ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక్కొక్కళ్ళ మాటా బాగానే ఉంటుంది, అందరూ కలిస్తే ఒక్క మాటా అర్థం కాదు. గిటారు, కీబోర్డు, ఆడ గొంతు మూడూ ఒకే మెట్టు మీద నిలబడి తోసుకుంటాయి. అడుగున బేసుకూ పెద్ద డ్రమ్ముకూ తగాదా. మాస్టారు వచ్చి కొందరిని వెనక బెంచీకి పంపాలి, కొందరి గొంతు తగ్గించాలి, ఒకణ్ణి లేపి పాఠం చదివించాలి.

ఆ పని చేసే యంత్రాన్ని కన్సోల్ అంటారు. ఫొటోల్లో చూసే ఉంటారు, మంచమంత బల్ల మీద వందల కొద్దీ మరలు. చూడ్డానికి భయమేస్తుంది కాని అందులో రహస్యమేమీ లేదు. నిలువుగా ఒక్క వరస నేర్చుకుంటే చాలు, మిగతావన్నీ ఆ వరసకు నకళ్ళే. ఆ ఒక్క నిలువు వరసను చానల్ స్ట్రిప్ అంటారు. ఒక ట్రాకుకు ఒక స్ట్రిప్.

ఇందులో బాగా పేరు పడ్డది ఇంగ్లండు కంపెనీ సాలిడ్ స్టేట్ లాజిక్ వాళ్ళ 4000 సిరీస్. కోలిన్ శాండర్స్ అనే ఆయన 1969లో పెట్టిన కంపెనీ. మొదట్లో వాళ్ళు చేసింది పాటల యంత్రాలు కాదు, చర్చిల్లో ఉండే పెద్ద పైపు ఆర్గన్లకు ఎలక్ట్రానిక్ స్విచ్చులు. ఆ పేరు అక్కణ్ణించే వచ్చింది. 1979లో 4000 ఈ అనే కన్సోల్ తెచ్చారు. అంతకు ముందు కన్సోళ్ళలో ప్రతి వరసలో ఈక్వలైజర్ ఉండేది, కాని కంప్రెసర్ కావాలంటే పక్కన అలమరలో ఉన్న పెట్టెకు తీగ లాగి కలుపుకోవాలి. అలాంటివి ఏ స్టూడియోలోనైనా కొన్నే ఉంటాయి. వీళ్ళు ప్రతి వరసలోనూ ఒక కంప్రెసర్, ఒక గేట్ పెట్టేశారు. ఎనభైల్లో పాశ్చాత్య పాప్ సంగీతం వినిపించే తీరు మారడానికి అదొక పెద్ద కారణం.

ఇప్పుడు ఆ బల్ల కొనక్కర్లేదు. దాని లోపలి సర్క్యూటు ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి, అదే పని చేసే సాఫ్ట్‌వేరు అమ్ముతున్నారు. దాన్ని ప్లగిన్ అంటారు. కంప్యూటరు తెర మీద అవే మరల బొమ్మలు, అవే రంగులు. నా గదిలో 38 ట్రాకులకూ 38 స్ట్రిప్పులు తెరుచుకుంటాయి. వాటికి వేరే కరెంటు ఖర్చు లేదు, వేడి లేదు, దుమ్ము పట్టదు.

దుమ్ము అంటే మద్రాసు గుర్తొస్తుంది. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి 1990లో మద్రాసులో ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరాను. ఇంజనీరుగా కాదు, మరమ్మతులు చేసే కుర్రాడిగా. అక్కడున్నది వేరే కంపెనీ కన్సోల్. 32 వరసలు. మొదటి మూడేళ్ళూ నేను దాని పైభాగం కన్నా అడుగుభాగమే ఎక్కువ చూశాను. మర తిప్పితే కరకరమంటే విప్పి తుడవాలి. కెపాసిటర్లు ఎండిపోతే మార్చాలి. ఎంత మార్చినా 32లో ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. పదిహేడో చానల్లో ఎప్పుడూ సన్నని బుస. తొమ్మిదో చానల్లో పై స్వరాలు ఒక పిసరు మెత్తగా ఉండేవి. పెద్ద ఇంజనీరు గారు సుశీలమ్మ లాంటి మెత్తని గొంతు ఎవరు పాడినా తొమ్మిదిలోకే పంపేవారు. అది పాడైందని నేను బాగుచేయబోతే చేతి మీద కొట్టారు.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, బ్రైన్‌వర్క్స్ అనే జర్మన్ కంపెనీ 4000 ఈకి చేసిన ప్లగిన్‌లో 72 చానళ్ళు ఇచ్చి, ఒక్కొక్కదానికీ ఆ చిన్న చిన్న తేడాలు కావాలని పెట్టింది. మేం రాత్రిళ్ళు మేలుకుని సరిచేసిన లోపాన్ని వీళ్ళు డబ్బు తీసుకుని అమ్ముతున్నారు. నేనూ కొన్నాను.

సరే, ఆ అమ్మాయి పాటకు వస్తాను. స్ట్రిప్‌లో ఏమేం ఉంటాయో చెబితే మిగతాది తెలుస్తుంది.

ముందు లోపలికి వచ్చే శబ్దం పాళ్ళు సరిచూసుకోవాలి. కంప్యూటరులో శబ్దానికి పైకప్పు సున్నా డెసిబెల్స్. దాన్ని తాకితే పగులుతుంది. ఈ ప్లగిన్లు చాలావరకు ఆ కప్పుకు 18 డెసిబెల్స్ కింద మామూలు శబ్దం ఉంటుందన్న లెక్కతో తయారయ్యాయి. కుర్రాళ్ళు దీన్ని పట్టించుకోరు. గట్టిగా రికార్డు చేసి, నేరుగా లోపలికి తోసి, ప్లగిన్ బాగాలేదంటారు. ఎసరు చూసుకోకుండా బియ్యం పోసి, అన్నం ముద్దయిందని కుండను తిట్టినట్టు.

తర్వాత ఫిల్టర్లు. ఒకటి కింది శబ్దాలను కోస్తుంది, ఒకటి పై శబ్దాలను కోస్తుంది. ఆ అమ్మాయి గొంతులో 90 హెర్ట్జ్ కింద ఉన్నది గొంతు కాదు, ఆమె గదిలో ఫ్యాను, వీధిలో లారీ. కోసేశాను. గిటార్లలో 120 దాకా కోశాను. విడిగా వింటే గిటారు పలచబడినట్టుంటుంది. అందరితో కలిపి వింటే అది బాగుంటుంది, బేసుకు చోటు దొరుకుతుంది. ఏ ట్రాకునూ ఒంటరిగా విని తీర్పు చెప్పకూడదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత కంప్రెసర్. దీన్ని వివరించడానికి పుస్తకాల్లో గీతలు గీస్తారు. నేను చిన్నప్పుడు మన రామాలయం దగ్గర పద్యనాటకాలు చూశాను కాబట్టి నాకు గీతలు అక్కర్లేదు. మైకుసెట్టు ఆయన వాల్యూము మర మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. నటుడు పద్యం చివర రాగం ఎత్తుకోగానే మర తగ్గించేవాడు, లేకపోతే హారను బద్దలవుతుంది. రాగం దించి వచనంలోకి రాగానే మళ్ళీ పెంచేవాడు. కంప్రెసర్ ఆ మైకుసెట్టు ఆయనే. ఎంత గట్టిగా పాడితే చెయ్యి కదపాలి, ఎంత తగ్గించాలి, తగ్గించాక ఎంతసేపటికి వదిలేయాలి, ఈ మూడూ మనం చెబుతాం. 4000 ఈలో చెయ్యి చురుగ్గా కదలడానికి ఒక బటన్ కూడా ఉంది. తేడా ఒకటే. మైకుసెట్టు ఆయనకు రాబోయే పద్యం తెలుసు. కంప్రెసర్‌కు తెలియదు.

ఇంకొక సంగతి బాగా గుర్తుంచుకోండి, దీని మీదే నా గొయ్యి ఉంది. కంప్రెసర్ గట్టి శబ్దాలను తగ్గిస్తే మొత్తం పాట చిన్నబోతుంది. అందుకని తగ్గినంతా మళ్ళీ పైకి లేపుతాం. అప్పుడు గట్టి శబ్దాలు ఎక్కడివక్కడ ఉంటాయి, నెమ్మది శబ్దాలు మాత్రం పైకి వస్తాయి. ఊపిరి తీసుకునే చప్పుడు, పెదాలు విడివడే చప్పుడు, గదిలో చప్పుడు, అన్నీ.

గేట్ గురించి ఒక్క మాట. శబ్దం ఒక స్థాయికి పడిపోగానే తలుపు మూసేసేది గేట్. 1980లో విడుదలైన పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బం అప్పుడు లండన్‌లో టౌన్‌హౌస్ స్టూడియోలో రికార్డవుతోంది. డ్రమ్స్ ఫిల్ కాలిన్స్, ఇంజనీరు హ్యూ ప్యాడ్జమ్. గదిలో ఉన్నవాళ్ళు మాట్లాడితే ఇంజనీరుకు వినబడడానికి పైన ఒక మైకు ఉంటుంది. అది మాటల కోసమే కాబట్టి దాని మీద కంప్రెసర్ చాలా మొరటుగా పనిచేస్తుంది. ఆ మైకులో డ్రమ్స్ వినబడేసరికి గది మొత్తం కూలిపోతున్నట్టుంది. దానికి గేట్ తగిలించి, ఉరుముతుండగానే టక్కున కోసేశారు. ఆ తర్వాత పదేళ్ళపాటు ప్రపంచంలో సగం పాటల్లో అదే డ్రమ్ము. నా పాటలోనూ చిన్న డ్రమ్ము మీద ఆ పాత అలవాటు కొంచెం వాడాను. ఆ అమ్మాయికి నచ్చింది. ఆ శబ్దానికి తన వయసుకు రెట్టింపు వయసుందని నేను చెప్పలేదు.

చివరగా ఈక్వలైజర్. నాలుగు గదులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు మరలు. ఎరుపు అన్నిటికన్నా పై శబ్దాలకు, గోధుమ అడుగు శబ్దాలకు. మన సైన్సు మాస్టారు పౌనఃపున్యం పాఠం చెప్పేటప్పుడు శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి మా చెవుల దగ్గర పెట్టారు చూడండి, ఆ పాఠమే ఇక్కడ నాలుగు మరలుగా కూర్చుంది. పెద్ద డ్రమ్ములో 60 దగ్గర పెంచి, 350 దగ్గర తగ్గించాను, అక్కడ అట్టపెట్టె కొట్టిన చప్పుడు ఉంటుంది. అమ్మాయి గొంతులో 300 దగ్గర కొంచెం తగ్గించి, 3 వేల దగ్గర కొంచెం పెంచాను. మాటలు తెలిసేది అక్కడే. ఎర్ర మర 10 వేల దగ్గర పెట్టి అయిదు డెసిబెల్స్ పెంచాను. గొంతుకు మెరుపు వస్తుందని.

స్ట్రిప్ నాకు నచ్చేది ఇందుకే. ఇంతకన్నా ఇంకేమీ చేయనివ్వదు. కంప్యూటరులో తక్కిన ఈక్వలైజర్లు ఇరవై గదులిస్తాయి, శబ్దం గీతలా తెర మీద కదులుతుంటుంది. కుర్రాళ్ళు ఆ గీతను చూసి పాట చేస్తారు. నాకది ఒళ్ళుమంట. "చెవితో చెయ్యరా, కంటితో కాదు" అని నా అసిస్టెంటును తిట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఖమ్మం నుంచి వచ్చాడు. ఆ గీత చూపించే కిటికీ నా గదిలో తెరవకూడదని రూలు పెట్టాను.

అన్నీ అయ్యాక మొత్తం పాట మీద ఆ కన్సోల్ మధ్యలో ఉండే కంప్రెసర్ వేశాను. నాలుగుకు ఒకటి పాళ్ళు, గట్టి చోట్ల రెండు డెసిబెల్స్ తగ్గేలా. ఇది పాటకు బైండింగు లాంటిది. కాగితాలన్నీ ఒక పుస్తకమవుతాయి. అయిదు రోజుల పని. చాలా బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకుని పంపించాను.

రెండు రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, చాలా బాగుంది సార్" అంది. మన పిల్లలు ఇలా మొదలుపెడితే వెనకాల 'కానీ' ఉంటుంది. "కానీ సార్, స అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుతోంది. ఇంకోటి, రెండో చరణం అయ్యాక మ్యూజిక్ ఆగి నేనొక్కదాన్నే పాడతాను కదా, అక్కడ వెనకాల కుయ్‌మని సన్నగా ఏదో వినిపిస్తోంది."

"నీ ఇయర్‌ఫోన్లు మార్చి చూడమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను. మార్చి చూసింది, వాళ్ళ ఫ్రెండ్స్ ముగ్గురు కూడా విన్నారు, అందరికీ ఉందంది. నేను ఆ చోటు పెట్టుకుని పదిసార్లు విన్నాను. పెద్ద స్పీకర్లలో, చిన్న స్పీకర్లలో, హెడ్‌ఫోన్స్‌లో. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. వెనక్కి తిరిగి అసిస్టెంటును, "నీకేమైనా వినిపిస్తోందా?" అన్నాను.

వాడు నేల చూపులు చూశాడు.

"వినిపిస్తోంది సార్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ సార్."

"మరి చెప్పలేదేం?"

"మీరు కావాలనే ఉంచారనుకున్నా సార్."

నేను పెట్టిన రూలు నేనే తీసి ఆ కిటికీ తెరవమన్నాను. ఆ నెమ్మది చోట, దాదాపు 14 వేల హెర్ట్జ్ దగ్గర, సూదిలాంటి ఒక గీత నిలబడి ఉంది. కదలకుండా. ఆమె గదిలో మైకు పక్కన లాప్‌టాప్ చార్జర్ పెట్టుకుని పాడింది. దాని కూత అది. వచ్చినప్పుడు చాలా చిన్నగా ఉంది. కంప్రెసర్‌తో ఆరు డెసిబెల్స్ నేను లేపాను. ఎర్ర మరతో అయిదు డెసిబెల్స్ నేను పెంచాను. 11 డెసిబెల్స్ అంటే వోల్టేజి లెక్కన మూడున్నర రెట్లు. ఎవరికీ కనబడకుండా మూల నక్కి ఉన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి స్టేజీ మీద నిలబెట్టింది నేనే. నాకు వినబడక.

ఆ సాయంత్రం కుర్రాడి చేత విడి స్వరాలు పెట్టించి నన్ను నేను పరీక్షించుకున్నాను. వెయ్యి, నాలుగు వేలు, బాగున్నాయి. ఎనిమిది వేలు, కొంచెం పెంచమన్నాను. పది వేలు ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంది. "తర్వాతది పెట్టు" అన్నాను. "ప్లే అవుతోంది సార్" అన్నాడు వాడు. అది పదకొండున్నర వేలు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. వాళ్ళు సాధారణంగా 250 నుంచి 8 వేల దాకానే చూస్తారు, మనుషుల మాటలకు అది చాలు కాబట్టి. ఆ గీత నా కాగితం మీద ఆరు వేల దగ్గర్నుంచి వాలిపోయింది, ఎడమ చెవి మరీ. డాక్టరమ్మ, "ఏం పని చేస్తారండి?" అని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. వయసుతో పాటు పై స్వరాలు అందరికీ పోతాయి, గట్టి శబ్దాల్లో పనిచేస్తే ఇంకా ముందు పోతాయి అంది. పోయినవి తిరిగి రావు అని కూడా అంది. చెవి లోపల ఆ స్వరాలను పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు మళ్ళీ మొలవవు.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌లో ఉండదగింది 15 నిమిషాలు. మద్రాసులో మేం నిర్మాత గారు వచ్చినప్పుడల్లా స్పీకర్లు ఆ స్థాయిలో పెట్టి గంటలు గంటలు వినిపించేవాళ్ళం. గట్టిగా ఉంటే బాగుందనేవారు. 24 ట్రాకుల టేపు రీలు 30 అంగుళాల వేగంతో తిరిగితే పదహారున్నర నిమిషాల్లో అయిపోయేది. రీలు మార్చే ఆ కాస్తసేపే మా చెవులకు విశ్రాంతి.

ఆ రాత్రి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మా బ్యాచ్ వాళ్ళకు తెలుస్తుంది. మేం తొమ్మిదిలో ఉండగా పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. తలుపులు మూసి, సౌండు పూర్తిగా తగ్గించి ఉన్నా, చెరువు గట్టు మీద నిలబడి "టీవీ పెట్టారు" అని చెప్పేవాణ్ణి. పందేలు కాసి జీళ్ళు గెలుచుకున్నాను. అది మంత్రం కాదు. మన టీవీలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625. పాత టీవీలో ఒక ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు అన్నిసార్లు వణుకుతూ సన్నగా కూసేది. అది నాకు గోడ అవతల నుంచి వినబడేది. మనిషి చెవి 20 నుంచి 20 వేల దాకా వింటుందని మాస్టారు బోర్డు మీద రాశారు. నేను దాన్ని నా జన్మహక్కు అనుకున్నాను. ఎంత వయసు వరకు అని ఆ రోజు ఎవరమూ అడగలేదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. దాచొచ్చు. నా కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని, గీతలు చూసుకుంటూ నెట్టుకు రావచ్చు. ఆ పని చేస్తున్నవాళ్ళు లేకపోలేదు. కాని ఆ అమ్మాయికి ఇయర్‌ఫోన్లు మార్చుకో అన్నాను కదా, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నా ఫీజు వెనక్కిచ్చేస్తాను, వేరేవాళ్ళ చేత చేయించుకో అన్నాను.

"వద్దు సార్, నేను వచ్చి పక్కన కూర్చుంటా" అంది.

వచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. చార్జరు తీసేసి ఆ చోటు మళ్ళీ పాడింది. శుభ్రంగా వచ్చింది, కాని మొదటిసారి పాడినప్పుడు చివరి మాట దగ్గర గొంతు కొద్దిగా వణికింది, అది మళ్ళీ రాలేదు. మూడుసార్లు పాడించాను. రాలేదు. పాతదే ఉంచాలని నేను పట్టుబట్టాను. ఆమె ఒప్పుకుంది. కుయ్‌మనే కూతను తీయడానికి స్ట్రిప్ పనికిరాదు, దాని మరలు అంత సన్నగా కోయలేవు. నేను తిట్టిన ఆ గీతల ఈక్వలైజర్‌తోనే కుర్రాడు సూదిమొన చేసి తీసేశాడు. ఎర్ర మర అయిదు నుంచి రెండుకు దించాం. నాకు గొంతు డల్లుగా అనిపించింది. వాళ్ళిద్దరూ బాగుందన్నారు. నోరు మూసుకున్నాను. కంప్రెసర్‌లో ఆ చురుకు బటన్ తీసేశాక స మెత్తబడింది. అడుగు శబ్దాలు, గొంతు ఎంత ముందుకు ఉండాలి, డ్రమ్ములు ఎక్కడ ఆగాలి, అవి నావే. వాటిలో నన్నెవరూ కదిలించలేదు.

ఇప్పుడు పని ఒప్పుకునే ముందు అందరికీ చెబుతున్నాను, పది వేల పైన మా కుర్రాడి మాటే చెల్లుతుందని. ఒకాయన, "చెవులు పోయినవాడికి డబ్బులిచ్చేదేమిటి" అని వెళ్ళిపోయారు. ఆయన్ను తప్పుపట్టను. కొంచెం బాధ వేసింది. మిగతావాళ్ళు ఉన్నారు.

మాస్టారూ, ఇందాక మీరు నన్ను చూడగానే "చెవులెలా ఉన్నాయిరా?" అని అడిగారు. మీకీ కథ తెలియదు. టీవీ పందేలు గుర్తుండి అడిగారు. జవాబు ఇదీ.

చివరగా ఒక చిన్న పని ఉంది. నా స్టూడియో స్పీకరు ఒకటి తెచ్చాను, అదిగో బల్ల మీద ఉంది. ఈ లౌడ్‌స్పీకర్లు అంత పై స్వరాలు పలకవు, అందుకని. గట్టిగా పెట్టను, భయపడకండి. ముందు ఎనిమిది వేలు. వినబడినవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరూ. ఇప్పుడు పన్నెండు వేలు. మా బ్యాచ్‌లో ఇద్దరే ఎత్తారు, అందులో ఒకడు అబద్ధమాడుతున్నాడు, నాకు తెలుసు. ఇప్పుడు పదిహేను వేలు.

(ముందు వరసల్లో పిల్లలందరూ చేతులెత్తారు. వెనక ఒక్క చెయ్యీ లేవలేదు.)

నాకు నిశ్శబ్దంగా ఉంది. ఆరో తరగతి పాపా, నువ్వే, రెండు జడలమ్మాయి. నేను దీన్ని ఆపినప్పుడు చెయ్యి దించి చెప్పు తల్లీ. నొక్కానో లేదో నాకు తెలియదు.